బావిలోకి దిగిన ఆయిలింజన్

ఆ ఇంజన్ వచ్చిన నాటి నుంచి నాకు అన్నం సయించలేదు. నీళ్లు పోసుకున్నానేమోనని మా అత్త సంబరపడింది. అదేం కాదు, డీజిలు వాసన.

ఖానాపూర్‌కు అవతల ఉన్న మా ఊరికి అప్పటికింకా కరెంటు రాలేదు. ఇంటి వెనక బావికి ఎద్దులను కట్టి, మోటతో నీళ్లు తోడి వరి పారించేవాళ్లం. తాగేదీ ఆ నీళ్లే. ఎద్దులు ఎంత తిరిగినా ఎండాకాలం సగం మడులు పగుళ్లు చూపేవి. అందుకని నా పెనిమిటి నిర్మల్ పట్నానికి పోయి బండి మీద ఒక డీజిలు ఇంజన్, దానితో నడిచే పంపు తెచ్చాడు.

"గిది జూడు, ఎంత చిన్నగున్నదో! ఇద్దరు పడితె లేస్తది" అన్నాడు.

పక్క ఊళ్లో ఉన్న పెద్ద ఇంజన్ను కదిలించాలంటే పదిమంది కావాలి. అది చక్రం రెండుసార్లు తిరిగితే లోపల డీజిలు మండి ఒకసారి దెబ్బ కొడుతుందట. మాది తిరిగిన ప్రతిసారీ కొడుతుందట. చిన్నదానికి అంత బలం అందుకేనని ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. అబద్ధం కాదు. మొదటిరోజే కాలువ గట్లు ఒరుసుకుని నీళ్లు పారాయి. ఎద్దుల మెడల మీద పుండ్లు మానాయి.

కానీ అది కొట్టిన ప్రతిసారీ కక్కేది కూడా. డీజిలు తాగడం చాలదన్నట్టు, లోపల అరగకుండా పోసే నూనెను కూడా తాగి పొగలో వదిలేది. పొగ గొట్టం మూతి నుంచి నల్లటి జిడ్డు చీమిడిలా కారేది. ఆరేసిన చీరల మీద మసి చుక్కలు. దాని మోతకు ఇంట్లో మాట్లాడుకోవాలన్నా అరవాల్సిందే. ఆయన అన్నం కలుపుతుంటే గోళ్ల సందుల్లో నల్లటి గీతలు కనిపించేవి. నేను మొహం తిప్పుకునేదాన్ని.

ఎండలు ముదిరి బావిలో నీళ్లు అడుగుకు పోయాయి. ఒడ్డు మీది పంపు అంత లోతు నుంచి పీల్చలేకపోయింది. పెద్ద ఇంజనైతే అక్కడితో కథ ముగిసేది. మాది చిన్నది కదా! బావిలో మెట్ల పక్కన, సగం లోతులో ఒక రాతి గట్టు ఉంది. తాళ్లు కట్టి దాన్ని పంపుతో సహా అక్కడికి దించుతుంటే నేను అడ్డం పోయాను.

"తాగే బాయిల గా కంపుదాన్ని పెడ్తవా?"

"వరి ఈనుతున్నది. ఇప్పుడు నీళ్లు లేకుంటె ఎట్లనే? జర ఓపిక పట్టు."

రెండో రోజుకే నీళ్ల మీద రంగురంగుల పొర తేలింది. గుడ్డతో వడకట్టాను, కాచాను, తులసాకులు వేశాను. లాభం లేదు. పప్పులో అదే వాసన, చల్లలో అదే. మా అత్త ఒక గుక్క నోట్లో పోసుకుని వాకిట్లోకి ఉమ్మింది.

"థూ! గివేం నీళ్లే? లాంతర్ల నూనె వోసినవా?"

వాసన పీల్చుకున్న మట్టికుండలను బయట పారేశాను. ఊరి చివర బావి నుంచి బిందెతో మోయడం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం గాలి ఆడడం లేదు. ఇంజన్ మోత మారిందని ఆయన బావిలోకి దిగాడు. కాసేపటికి చప్పుడు ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. కానీ ఆయన పైకి రాలేదు. వెళ్లి తొంగిచూస్తే బావి నిండా పొగ. మెట్ల మీద బోర్లా పడి ఉన్నాడు.

నేను వేసిన కేకకు మా జీతగాడు పరుగెత్తుకొచ్చాడు. తువ్వాల తడిపి ముక్కుకు కట్టుకున్నాడు.

"అక్కా, నువ్వు ఎడ్లను పట్టు. నేను మోకు కడ్త" అంటూ దిగాడు.

మోట గిరక ఇంకా ఒడ్డునే ఉంది. నేను ఎద్దులను కట్టి మోకు లోపలికి వదిలాను. ఆయన చంకల కింద మోకు బిగించి, జీతగాడు దగ్గుతూ కేకేశాడు. నెలల తరబడి ఆ దారి తొక్కని ఎద్దులు నేను అదిలించగానే ఏటవాలు మీద దిగిపోయాయి. నీళ్లు నిండిన మోట తోలుసంచి వచ్చినట్టే నా పెనిమిటి పైకి వచ్చాడు. మొహం మసి, మూతి పక్కన నురగ. నా వొడిలో తల పెట్టుకుంటే చీర మీదే కక్కాడు. అందులో కూడా డీజిలు కంపే.

కళ్లు తెరిచి ఆయన అన్న మొదటి మాట: "మడి ఎండుతది... ఇంజన్ మల్ల నడిపియ్యున్రి."

"నీ ఇంజన్ మీద మన్నువడ!" అని మా అత్త ఏడుస్తూనే కొడుకు వీపు మీద ఒకటి వేసింది.

ఆ సాయంత్రమే దాన్ని పైకి లాగించింది. మోటతో కొన్ని మడులు దక్కాయి, మిగతావి ఎండాయి. ఇంజన్ ఒడ్డు మీదే ఉండి, నీళ్లు పైకి ఉన్న నెలల్లోనే నడవాలని తీర్మానమైంది.

వానలు పడ్డాక బావి తోడించారు. ఆయన అందరి ముందూ చెంబెడు నీళ్లు గటగటా తాగి, "ఏం వాసన? అంత మీ వహం, ఉత్త అనుమానం" అన్నాడు. ఆ వెంటనే కొట్టం వెనక్కి పోయి ఉమ్మడం నేను చూశాను.

మర్నాడు ఎవరూ అడగకుండానే కావడి భుజాన వేసుకుని ఊరి చివర బావికి బయలుదేరాడు. దారిలో ఆడవాళ్లు నవ్వారట. ఆ వానాకాలమంతా మాకు తాగేనీళ్లు ఆయనే మోశాడు. నాకు జాలి కలగలేదని కాదు. కానీ నీళ్లు కుండలో పోస్తున్న ఆయన వేళ్ల వైపు చూస్తే గోళ్ల సందుల్లో ఇంకా అవే నల్లటి గీతలు.

"చెయ్యి ముంచకు" అనేదాన్ని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.