అమ్మ ఇల్లు సర్దిన రోజు

ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి మా బ్యాగు గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. పెద్ద డాక్టరుగారు ఊళ్ళో లేరట. ఆపరేషను ఒకరోజు వెనక్కి జరిపారట. రేపు రావద్దు, ఎల్లుండి పొద్దున్నే వచ్చి చేరండి అన్నారు. నాన్న ఫోన్ పెట్టేసి ఆ ముక్క చెప్పగానే నాకు ఒళ్ళు మండిపోయింది. అర్ధసంవత్సరం పరీక్షలు జరుగుతుంటే ప్రిన్సిపాల్ ముఖం మాడ్చుకుని ఇచ్చిన సెలవు అది. విజయనగరంలో ఓ ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ గజపతినగరం నుంచి రోజూ బస్సులో తిరిగేదాన్ని. ఇప్పుడు ఆ సెలవు కాస్తా ఇంట్లో కూర్చోవడానికి సరిపోతుంది, అమ్మ ఆసుపత్రిలో చేరే రోజున నేను పరీక్ష హాల్లో కాపలా కాస్తుంటాను.

అమ్మ మాత్రం బ్యాగు జిప్పు తీసి దువ్వెన బయటపెట్టుకుంది, అంతే.

అది రాష్ట్రం రెండు ముక్కలైన మరుసటి ఏడు. అమ్మ కడుపులో గడ్డ ఉందని వేసవిలోనే తెలిసింది. తీసి పరీక్షకి పంపితేగానీ ఏ సంగతీ చెప్పలేమన్నారు విశాఖపట్నంలో. ఆ జబ్బు పేరు మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. గడ్డ అనేవాళ్ళం. పాస్టరుగారు కూడా ప్రార్థనలో గడ్డ అనే అన్నారు. అమ్మ ఎలిమెంటరీ స్కూలు టీచరు, ఊళ్ళో సగంమందికి అక్షరాలు దిద్దించిన మనిషి. తన రిపోర్టులన్నీ తనే చదువుకునేది, చదివి మడిచి కవర్లో పెట్టేసేది, మమ్మల్ని అడగనిచ్చేది కాదు.

మర్నాడు పొద్దున్న స్టూలు ఈడ్చిన చప్పుడుకి మెలకువ వచ్చింది. లేచి చూద్దును కదా, అమ్మ తలకి తువ్వాలు చుట్టుకుని, స్టూలెక్కి, బూజుకర్రతో హాలు మూలలు దులుపుతోంది.

“దిగమ్మా కిందికి. రేపు ఆసుపత్రిలో చేరాల్సినదానివి, ఇవాళ నడుం విరగ్గొట్టుకుంటావా?” అన్నాను.

“దేవుడు ఒక రోజు ఎక్కువిచ్చాడే. ఊరికే కూకుని ఏటి సెయ్యను? కూకుంటే బుర్ర పాడైపోతాది.”

ఇచ్చింది దేవుడు కాదు, ఊరికి వెళ్ళిన డాక్టరు అన్నాను. అమ్మ నవ్వలేదు. బూజుకర్ర నా చేతికిచ్చి, ఆ మూల అందటం లేదు, నువ్వు పొడుగున్నావు కదా అంది. అలా మొదలైంది మా పని.

అటక మీది సామానంతా దింపించింది. తుప్పుపట్టిన డబ్బాలు, మూతలేని గిన్నెలు, ఎప్పటివో క్రిస్మస్ కాగితపు నక్షత్రాలు, అన్నీ పెరట్లో గుట్టగా పడ్డాయి. మామూలుగా అయితే అమ్మ చేతిలోంచి ఒక పాత సీసా కూడా బయటికి పోయేది కాదు, ఎప్పుడో పనికొస్తాదిలే అంటూ దాచేది. ఆ రోజు మాత్రం పారేయ్, పారేయ్ అంటూనే ఉంది. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. నేనేమో అటక ఖాళీ అవుతోందని సంబరపడ్డాను.

నాన్న బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి ఆ ఏడే రిటైరయ్యారు. జీవితమంతా ఊరి బస్సులకి వైద్యం చేశారుగానీ, మా వంటింటి కుళాయి నెలల తరబడి కారుతున్నా పట్టించుకున్న పాపాన పోలేదు. ఆ రోజు అమ్మ అడగకుండానే పానా పట్టుకుని కుళాయి ముందు కూర్చున్నారు. అది అయ్యాక తలుపుల బందులకి నూనె వేశారు. ఫ్యాను రెక్కలు తుడిచారు. ఆ తర్వాత మేడెక్కి నీళ్ళ ట్యాంకులోకి దిగి పాచి గీకారు. నాన్న అంత బుద్ధిగా పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు. చూసి నాకు భయమేసింది.

పక్కింటి అత్త గోడ మీంచి తొంగిచూసింది. ఆవిడ వాళ్ళది తరతరాల వ్యవసాయం. వరి, పొలం గట్ల మీద కందులు, రెండు గేదెలు. అమ్మకీ ఆవిడకీ ఆ గోడ దగ్గర కబుర్లు నడవని రోజు ఉండేది కాదు.

“ఏటి టీచరమ్మా, కిస్మస్సుకి ఇప్పుడే దులిపేస్తన్నావేటి? ఇంకా నెల ఉన్నాది కదా.”

“ఆఁ, ఈసారి కొంచెం ముందుగా,” అంది అమ్మ.

అత్త ఇంకేదో అడగబోయి నా వైపు చూసి ఊరుకుంది. ఆపరేషను సంగతి ఆవిడకి తెలుసు.

హాల్లో ఒక గోడ మీద, అంతకుముందు ఏడు పెద్ద తుఫానుకి నీరు దిగి పడిన మరక ఉండేది. అమ్మ ఆ మరక ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నన్ను బజారుకి పంపి సున్నం తెప్పించింది. ఆ ఒక్క గోడకైనా వేసేద్దాం అంది. క్రిస్మస్‌కి ముందు ఎలాగూ ఇల్లంతా వేయిస్తాం కదా, ఇప్పుడీ ఒక్క గోడ ఎందుకన్నాను.

“నలుగురూ వచ్చి కూకునే గది. అలగుంటే ఏటి బాగుంతాది?”

“ఏ నలుగురు? ఎవరొస్తన్నారు మనింటికి?”

అమ్మ సున్నంలో నీళ్ళు కలిపింది. నేను కుంచె అందుకుని గోడ మీద బాదినట్టుగా వేశాను. నలుగురూ ఎందుకొస్తారో నాకు తెలుసు, తెలిసి కూడా తెలియనట్టు అడిగినందుకు నా మీద నాకే కోపం.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మ నాన్నని వంటింట్లోకి పిలిచింది. గ్యాసు ఎలా వెలిగించాలో, సిలిండరు అయిపోతే కొత్తది ఎలా బిగించాలో, కుక్కరు మూత ఎటు తిప్పాలో చూపించింది. నాన్న బస్సు ఇంజను మొత్తం విప్పి మళ్ళీ బిగించగల మనిషి. స్టవ్వు ముందు మాత్రం అగ్గిపుల్లలు ఒకదాని తర్వాత ఒకటి విరగ్గొట్టారు. పప్పులో చింతపండు ఎప్పుడు వెయ్యాలని అమ్మ అడిగింది, క్లాసులో పిల్లల్ని అడిగినట్టే. నాన్న తప్పు చెప్పారు. మళ్ళీ అడిగింది. మళ్ళీ తప్పే చెప్పారు.

“నాకు రాదు. నువ్వొచ్చి వొండు,” అని పెరట్లోకి వెళ్ళిపోయారు.

అమ్మ స్టవ్వు కట్టేసి, బీరువా ఉన్న గదిలోకి వెళ్ళింది. నేను అటక డబ్బాలు మళ్ళీ సర్దుతూ ఉండిపోయాను. పెరట్లో నీళ్ళ చప్పుడు వినిపించి వెళ్ళి చూస్తే, అమ్మ బాదం చెట్టు నీడలో పీట వేసుకుని, పెద్ద బకెట్టు ముందు కూర్చుని ఉంది. నీళ్ళలో నీలిమందు కలిపింది. అందులో అమ్మ పెళ్ళిచీర నానుతోంది.

మా సంఘంలో పెళ్ళికూతురు తెల్లచీర కడుతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ కట్టరు. మడతపెట్టి బీరువా అడుగున దాస్తారు. పెద్దవాళ్ళలో చాలామందికి ఆఖరి రోజున మళ్ళీ అదే కడతారు. చిన్నప్పుడు మా పక్క చర్చి ముసలమ్మలు తమ చీర ఫలానా పెట్టెలో ఉందని, మర్చిపోవద్దని, నవ్వుతూనే కోడళ్ళకి చెబుతుండటం విన్నాను. అమ్మ నోట ఎప్పుడూ వినలేదు. అమ్మకింకా యాభై ఐదు నిండలేదు.

“ఇదెందుకు తీశావు?” అన్నాను.

“పసుపు రంగు తిరిగిపోనాది. ఉతికి పైన పెడతాను.”

“పైన ఎందుకు?”

“ఎతుక్కోకండా ఉంతాదని.”

నేను అరిచాను. పోతానని తీర్మానించేసుకున్నావా అన్నాను, ప్రార్థనలు చేసేది ఎందుకు మరి అన్నాను, పొద్దుట్నుంచి నాతో చేయించినది నీ చావు ఏర్పాటా అన్నాను. అత్త గోడ అవతల గేదెలకి కుడితి పెడుతూ చప్పుడు చెయ్యకుండా ఉండిపోయింది. అమ్మ నన్ను అరవనిచ్చింది. నేను అలిసిపోయాక నెమ్మదిగా చెప్పింది.

“మా అమ్మ పోయినప్పుడు బీరువా తాళం ఎక్కడుందో ఎవరికీ తెలీదు. పొద్దెక్కిపోతంది, పాస్టరుగారు తొందరపెడతన్నారు. సివరికి ఎవరిదో సీర తెచ్చి కట్టారు. దాని అంచు మీద మరకుంది. నాను మా అమ్మ మొకం సూడలేదే. తీసుకెల్లేదాకా ఆ మరకే సూస్తా ఉండిపోనాను. నీకు అలగ అవకూడదు.”

బడిలో అందర్నీ ‘చ’ పలకలేదని దండించే మనిషి, ఆ రోజు తన చిన్నప్పటి మాటలోకి జారిపోయింది.

తడిసిన చీర బరువు. అమ్మ లేవబోయి కడుపు పట్టుకుని మళ్ళీ కూర్చుంది. పిండడానికి అవతలి కొసన ఇంకో మనిషి కావాలి. నన్ను పిలవలేదు. కొస పట్టుకుని ఊరికే నా వైపు చూసింది. నేను వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను. అమ్మ ఒకవైపుకి, నేను ఇంకోవైపుకి మెలిపెట్టాం. నీళ్ళు కారి నా కాళ్ళ మీద పడ్డాయి. తల్లికి అలాంటి చీర పిండిపెట్టాల్సి రావడం ఎంత ఘోరమో నేను చెప్పలేను. చెయ్యకపోతే అమ్మ ఒక్కతే పిండుకుంటుంది, అందుకని చేశాను.

సాయంత్రం ప్రార్థన నాన్న మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన చేస్తే ఊళ్ళో అందరి పేర్లూ వస్తాయి, అన్నం చల్లారిపోతుంది. ఆ రోజు నాలుగు మాటలు చెప్పి మధ్యలో ఆగిపోయారు. ఆమెన్ అమ్మే అంది.

తెల్లారి ఆటో వచ్చింది. నాన్న బ్యాగు పెట్టారు. విశాఖలో పిన్ని ఉంది, వాళ్ళింట్లో దిగి ఆసుపత్రికి వెళతారు. నేను కాలేజీకి వెళ్ళి, పరీక్ష అయ్యాక అటునుంచి అటే రైలెక్కాలి. అమ్మ ఇల్లంతా ఒకసారి తిరిగి చూసింది. తెల్లగా మెరుస్తున్న గోడ, కారని కుళాయి. తృప్తిగానే ఉన్నట్టు కనిపించింది. వెళ్ళి ఆటోలో కూర్చుంది. డ్రైవరు బండి కదిలించబోతుంటే ఆపమని, తల బయటికి పెట్టి నన్ను పిలిచింది.

“ఒసే. మేం తిరిగొచ్చేదాకా ఇల్లు ఊడవకు.”

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఆటో మలుపు తిరిగిపోయింది.

మనిషి ప్రయాణమై గడప దాటగానే చీపురు పట్టకూడదు అంటారు మా వైపు. శవం లేచాకే అలా ఊడుస్తారని. పక్కింటి అత్త ఈ మాట ఎన్నిసార్లు గోడ మీంచి చెప్పిందో! నాన్న డ్యూటీకి అలా వెళ్ళారో లేదో ఇలా ఊడుస్తున్నావేటి టీచరమ్మా అని. అమ్మకి చిర్రెత్తుకొచ్చేది. మేం ఇలాంటివి నమ్మమమ్మా, మా తాతలనాడే వదిలేశాం అని చెప్పి, పంతం కొద్దీ ఇంకో రెండుసార్లు ఊడ్చేది. అలాంటి మనిషి.

నేను వరండా మెట్టు మీద కూర్చుండిపోయాను. ముందురోజంతా చీర దగ్గర్నుంచి సర్దిపెట్టుకున్న మనిషి, బతికి రావాలని ఉందని ఒక్కసారి కూడా అనలేదు. అనడానికి ఆటో ఎక్కిందాకా ధైర్యం చాల్లేదేమో. నాకు ఏడుపు ఆగలేదు.

గేటు చప్పుడైంది. అత్త. నేనొక్కదాన్నే ఉన్నానని, బస్సు టైమవుతోందని సాయానికి వచ్చింది. ఆటో ఎక్కే హడావిడిలో నాన్న చెప్పుల మట్టి వరండా అంతా రాలి ఉంది. ఆవిడ అలవాటుగా మూలనున్న చీపురు అందుకుంది. నేను ఒక్క ఉదుటున లేచి లాక్కున్నాను.

“వద్దత్తా! అమ్మ తిరిగొచ్చేదాకా ఊడవొద్దంది!”

అత్త చేతులు వెనక్కి తీసుకుని, “ఓలమ్మా, నానే మర్సిపోనాను సూడు,” అని లెంపలేసుకుంది. తర్వాత ఏదో లెక్క కుదరనట్టు నా ముఖంలోకి చూసింది. “అయినా, తిరిగొచ్చేదాకా ఏటి? ఎల్లినోలు సేరిపోతే సాలు కదా. ఆనక ఊడిసేసుకోవొచ్చు.”

“మరి అమ్మ అలాగే చెప్పింది.”

అత్త చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పాపం, ఆవిడికి మన పద్దతి సరిగ్గా తెలీదు కదే,” అంది. అని నా చేతిలోంచి చీపురు తీసుకుని, తలుపు వెనక నిలబెట్టింది. “ఆవిడి సెప్పినట్టే సెయ్యి. తప్పయినా అలగే సెయ్యి. తాళమేసి ఎల్లు.”

తాళమేసి వెళ్ళాను. ఆపరేషను అయింది. పిన్ని ఇంటి నుంచే కాలేజీకి తిరిగాను. గడ్డ పరీక్షకి వెళ్ళింది, ఫలితం ఇంకా రాలేదు, ఈలోగా ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చన్నారు.

ఆటో దిగి నేనే ముందు తాళం తీశాను. లోపల నేల మీద పల్చగా దుమ్ము, కిటికీలోంచి ఎగిరొచ్చిన బాదం ఆకులు, గుమ్మం దగ్గర నాన్న చెప్పుల మట్టి ఎండి ముక్కలై ఉంది. అమ్మ నాన్న భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. సగం మనిషైపోయింది. గడప దగ్గర ఆగి, ఆ దుమ్ము వైపు చాలాసేపు చూసింది. ఒంగి, చేత్తో ఆ మట్టిని ముట్టుకుని చూసి, అక్కడే గడప మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

“ఊడవలేదేటే,” అంది. “నిజంగానే ఊడవలేదేటే.”