గంట తాడు లాగిన చెయ్యి

విమానాలు కూలిపోయినప్పుడు మనుషుల వైపు నుంచి ఏం జరిగిందో వెతకడం నా ఉద్యోగం. ఇంజన్లూ రెక్కలూ చూసేవాళ్ళు వేరే ఉంటారు. నేను పైలట్లతో, మెకానిక్కులతో కూర్చుని మాట్లాడతాను. నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఆ క్షణంలో మీకేం కనిపించింది?" ఆ ప్రశ్న అడిగిన ప్రతిసారీ నాకు జగ్గయ్యపేట నుంచి నందిగామ కాలేజీకి వెళ్ళే మా బస్సు గుర్తొస్తుంది.

ఎంత ఇష్టమో నాకా బస్సంటే! ఎక్కగానే మిరపకాయ బస్తాల ఘాటుకి తుమ్ములు. కండక్టర్‌ని అందరం బాబాయ్ అనేవాళ్ళం. జనం కిక్కిరిస్తే ఆయన టిక్కెట్లు కొడుతూ బస్సు ముందు వైపే ఇరుక్కుపోయేవాడు. అక్కణ్ణుంచే "రైట్, రైట్" అని కేకేస్తే, వెనక తలుపు దగ్గర ఎవరుంటే వాళ్ళు గంట తాడు రెండుసార్లు లాగేవాళ్ళు. రూలు ఒప్పుకోదు, అయినా ఆ తాడు కోసం పోటీలు పడేవాళ్ళం. లాగితే అంత బస్సూ మన మాట విన్నట్టుండేది.

ఆ రోజు తాడు నాకు దొరికింది. నాకూ తలుపుకీ మధ్య మనుషులు. కేక వినగానే లాగాను. బస్సు కదిలింది. దిగుతూ ఉన్న ఒక మామ్మ కిందపడి తుంటి విరిగింది.

విచారణలో గంట కొట్టిందెవరని అడిగారట. "నేనేనండి" అన్నాడట బాబాయ్. నిర్లక్ష్యమని రాసి సస్పెండ్ చేశారు. నేను నోరు విప్పలేదు. పిరికిదాన్ని, ఇంకో మాట లేదు. వారం తిరక్కుండానే కొత్త కండక్టర్ ముందు నుంచి "రైట్" అని అరిచాడు, వెనక ఎవరో తాడు లాగారు.

మొన్న నందిగామ వెళ్ళి బాబాయ్ ఇల్లు వెతికి పట్టుకున్నాను. తల బాగా నెరిసింది.

"తాడు లాగింది నేను బాబాయ్."

"తెలుసులేమ్మా. చదువుకునే పిల్లవి, నీ పేరెందుకని చెప్పలా. అయినా అరిచింది నేనే గదా!"

ఏడుపొచ్చేసింది. కాసేపటికి తేరుకుని అడిగాను: "అరిచినప్పుడు నీకేం కనిపించింది?"



"గంప, అమ్మా. కిటికీలోంచి చూస్తే మామ్మ గంప రోడ్డు మీదుంది. దిగిపోయిందనుకున్నా. గంప ముందు దించి, మనిషి తర్వాత దిగుతారు గదా, అది తట్టలా."

తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్ళల్లో ఈ మాట నన్నెవరూ అడగలేదమ్మా."