అయిదో కోడి బొమ్మ

మా ఆడబిడ్డ మగ్దలీనమ్మ గురించి అడిగితే పాలెంలో అందరూ ఆమె ప్రార్థన గురించి చెబుతారు, ఆమె పెట్టే చేపల పులుసు గురించి చెబుతారు. ఆమె గీసిన బొమ్మల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే మా ఇంటి పరువు పోతుందని నా ముందు నోరు మూసుకుంటారు. పోవలసిన పరువు ఎప్పుడో పోయింది కాబట్టి నేనే చెబుతాను.

జువ్వలదిన్నెకు రెండు మైళ్ళ ఇవతల మా పాలెం. వదినకు ఇరవై నాలుగేళ్ళకే భర్త పోయాడు, పిల్లలు లేరు. తమ్ముడు సంజీవరావు, అంటే మా ఆయన, ఒక్కడే ఆమెకు దిక్కు. కోళ్ళు పెంచి, గుడ్లు అమ్మి ఆయన్ని చదివించింది. ఆ చదువుతోనే ఆయనకు బ్లాకు ఆఫీసులో కోళ్ళ పెంపకం చూసే ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం వచ్చిన రోజున వదిన మేం గుడి అని పిలిచే చర్చిలో అందరికీ బెల్లం పంచింది.

ఆదివారం బడిలో పిల్లలకు నోవహు ఓడ కథ చెప్పేది ఆమే. ఎవరో దొరసాని ఇచ్చిపోయిన పటంలో కోడి బండగా, పొట్టి కాళ్ళతో ఉండేది. "అది బాతా టీచరమ్మా?" అని పిల్లలు ఒకటే నవ్వు. వదినకు రోషం వచ్చింది. "ఓడ ఎక్కేది మన కోడే ఎక్కాల" అని మర్నాడు పొద్దున్నే బొగ్గుముక్క పట్టుకుని నన్ను పిలిచింది.

ఆమె పద్ధతి చిత్రంగా ఉండేది. ఎండ ఏటవాలుగా పడే వేళ సున్నం కొట్టిన గోడ దగ్గర గంప బోర్లించి, దాని మీద కోడిని నిలబెట్టేది. కోడి కదలకుండా పట్టుకోవడం నా పని. గోడ మీద పడిన నీడ చుట్టూ బొగ్గుతో గీసి, తర్వాత లోపల మసి, జేగురు, పసుపు పూసేది. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో అలా మొదటి నాటు పెట్ట గోడెక్కింది. సన్నటి నడుము, పొడుగు కాళ్ళు, కాకిని కూడా లెక్కచేయని చూపు.

ఆ మరుసటి ఏడే మా ఆయన ఊళ్ళకు తెల్ల పుంజులు తెచ్చాడు. నాటు పుంజును ఇచ్చి తెల్లదాన్ని తీసుకోవాలి. దాని సంతతి ఎక్కువ గుడ్లు పెడుతుంది. బిట్రగుంట స్టేషన్లో దిగే జనానికి గుడ్డట్లు వేయాలంటే పెద్ద గుడ్లు కావాలట. రెండేళ్ళకోసారి వదిన ఆ సంతతిలో ఒక పెట్టను గోడ మీదికి ఎక్కించింది. రెండోది కాస్త తెల్లబడింది. మూడోదానికి తురాయి పెరిగి కంటి మీదికి వాలింది. నాలుగోది పూర్తిగా తెలుపు, వెనక భాగం బరువెక్కి నడక మారింది. పట్టుకున్నదాన్ని కాబట్టి ఇంకో సంగతి నాకు తెలుసు. పొదిగే పెట్టకు రొమ్ము కింద ఈకలు రాలి చర్మం వెచ్చగా తగులుతుంది. ఈ తెల్లవాటికి ఆ ఈక ఒక్కటీ రాలేది కాదు. గుడ్డు పెట్టడం, లేచి దాణాకి పోవడం, అంతే.

"చూడు ఆనందా, రైల్లో పోయేవోళ్ళ పళ్ళేన్ని బట్టి మన కోడి ఒళ్ళు మారతా ఉండాది" అంది వదిన.

మా వైపు ఒక అలవాటుంది. ఎవరి పెట్ట పొదగడానికి కూర్చున్నా ఇరుగుపొరుగు తమ గుడ్లు తెచ్చి దాని కింద పెట్టిస్తారు. పుట్టిన పిల్లల్లో సగం పెట్ట గలామెవి. పాలుకి పెట్టడం అంటాం. కులమూ మతమూ చూడకుండా ఆడవాళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కేది ఈ పని మీదే. పొదిగే పెట్టలు పోతే ఇదంతా పోతుందని వదినకు దిగులు పట్టుకుంది.

అరవై నాలుగులో మా ఆయన, "అక్కా, ఈ బొమ్మలు గుడ్డ మీద గీసియ్యి, ఊరూరా చూపిస్తా" అన్నాడు. ఆమె పొంగిపోయింది. తన తెల్లచీర ఒకటి కోసి నెల రోజులు కూర్చుంది. గోడ మీద లేని అయిదో బొమ్మ కూడా గీసింది. తెల్ల పెట్ట గుడ్లను వదిలేసి పోతూ ఉంటుంది. కింద, "ఇంటికొక నాటు పెట్టను ఉంచుకోండి" అని రాసింది. నాలుగో బొమ్మ కింద తన పేరు పెట్టింది.

ఆ గుడ్డ ఊళ్ళకు పోయింది కదా, ఇక ప్రతి ఇంట్లో ఒక నాటు పెట్ట ఉంటుందని వదిన నమ్మింది. ఆ నమ్మకంతోనే ఆ ఏడు కోత పండగకు తన ఆఖరి నాటు పెట్టను గుడిలో కానుకగా ఇచ్చేసింది. దేవుడికి ఇచ్చేది ఇంట్లో ఉన్నవాటిలో మేలైనదై ఉండాలని ఆమె పట్టుదల. ఆ పెట్ట పాస్టరుగారింట్లో కూరైంది.

మరుసటి ఎండాకాలం కొక్కెర తెగులొచ్చి కోళ్ళు కుప్పలుగా చచ్చాయి. ఒకరోజు పొద్దున పడమటి ఊరి రైతు ఇల్లాలు చెంచమ్మ తట్టలో తవుడు పోసి, అందులో పన్నెండు గుడ్లు పెట్టుకుని వచ్చింది.

"మగ్దలీనమ్మక్కా, పొదిగే పెట్ట ఉంటే పాలుకి పెట్టుకో. మా ఊళ్ళో ఒక్కటీ లేదు."

"అదేందమ్మా? ఒకదాన్ని ఉంచుకోమని బొమ్మ కింద రాసినా కదా!"

"ఏ బొమ్మ కింద? నాలుగు కోళ్ళుండాయి, నీ పేరుండాది. నాలుగోది తెల్లంగా మెరిసిపోతా ఉండింది. మగ్దలీనమ్మే గీసిందంటే మంచిదే అయ్యుంటాదని మేమందరం నాటు పుంజుల్ని ఇచ్చేసి, నాటు పెట్టల్ని కూడా అమ్మేస్తిమి."

వదిన నా వైపు చూసింది. నేను లోపలికి పోయి మా ఆయన పెట్టెలోంచి ఆ గుడ్డ తెచ్చాను. ఆమె అంచు మీద బొటనవేలు రాసి చూసింది. ఆ కుట్టు నాకు నేర్పింది ఆమే.

"విప్పు" అంది.

వాకిట్లో కూర్చుని చెంచమ్మ చూస్తుండగా దారం లాగాను. లోపలికి మడిచి కుట్టిన రెండు వేళ్ళ మేర గుడ్డ తెరుచుకుంది. అందులో తెల్ల పెట్ట తోక కొస, "ఇంటికొక" అన్న మాట ఉన్నాయి. మిగతాది కత్తెరకు పోయింది.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చాడు. గుడ్డ చూసి ముందు తడబడ్డాడు, తర్వాత గొంతు పెంచాడు. "అయిదోది చూస్తే ఎవరన్నా పుంజును తీసుకుంటారా అక్కా? పైవోళ్ళు నన్ను ఊరికే వదల్తారా? ఈ ఉద్యోగం రావాలని నువ్వే కదా ప్రార్థన చేసింది?"

"నా చేత్తోనే నా వాళ్ళకి అబద్ధం చెప్పించినావు గదరా" అంది వదిన. ఆ గొంతులో కోపం ఉంటే భరించేదాన్ని. అన్నం ముందు నుంచి లేచిపోయాడు ఆ మహానుభావుడు. తప్పు చేసినవాడికే పౌరుషం ఎక్కువ.

తర్వాత పది రోజులు వదిన ఆ గుడ్డ చంకన పెట్టుకుని ఎండలో ఊరూరా తిరిగింది. ప్రతి వాకిట్లో, "ఈ బొమ్మను నమ్మబాకండి. గీసింది నేనే, తప్పు నాదే" అని చెప్పింది. కొందరు కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. కొందరు, తమ్ముడి ఉద్యోగం కోసం ముందు అలా గీసి ఇప్పుడిలా మాట్లాడుతోందని ముఖం మీదే అన్నారు. ఆమె ఒక్కరికీ తమ్ముడి పేరు చెప్పలేదు. చివరికి ఉదయగిరి దారిలో ఎక్కడో ఒక ముసలామె దగ్గర పొదిగే పెట్ట ఒకటి దొరికితే, చెంచమ్మ గుడ్లు దాని కింద పెట్టించి వచ్చింది.

ఇంటికి వచ్చిన రోజు ఆమె కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. వేడినీళ్ళు పెట్టి కాళ్ళు కడుగుతూ నేను ఆపుకోలేకపోయాను. "నిందంతా నువ్వే మోస్తావెందుకొదినా? కోసింది ఆయనే అని చెప్పొచ్చు కదా?" అన్నాను.

ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"వాడు కోసేటప్పుడు వాడికి ఆశ ఉండింది. తప్పో ఒప్పో, అదొకటి ఉండింది. నువ్వు అయిదో బొమ్మ లేకపోవడం చూసి కూడా కుట్టినావు. నీకేముండింది ఆనందా?"

నాకేమీ లేదు. ఆయన కుట్టమన్నాడు, కుట్టాను. ఆ మాట ఆమెకు చెప్పే బదులు, చల్లారిన నీళ్ళు పారబోసి మళ్ళీ వేడినీళ్ళు తెచ్చాను. ఆమె తర్వాత పదకొండేళ్ళు బతికింది, మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదు.