పోతు ఈతచెట్టు మీది ముక్కు పురుగులు

మా వంక గట్టున పోతు ఈతచెట్టు ఒక్కటే ఉంది. అది కాయదు, పూస్తుంది. దాని పూల నిండా నువ్వుగింజంత ముక్కు పురుగులు. అవి పుప్పొడి మోస్తేనే వంకలోని ఆడ ఈతలు కాస్తాయని ప్రసన్నకుమారి గట్టి నమ్మకం. ఎండాకాలం అలిపిరిలో ఆ ఈతపండ్ల గంప పెట్టుకుని ఇరవై ఏళ్లుగా ఇల్లు నడుపుతున్న మనిషి. ఒకసారి వ్యవసాయ కాలేజీ ఆయనెవరో వచ్చి, వీటి గురించి పెద్దగా ఎవరూ రాయలేదని నాలుగింటిని సీసాలో పట్టుకుపోయాడు. మళ్లీ రాలేదు.

ఈ ఫిబ్రవరిలో గట్టు పక్కనే ఉన్న సుబ్రమణ్యం తోటలో మూడు కొబ్బరిచెట్లు నడినెత్తి లేతాకుల మొవ్వు వాలి చచ్చాయి. ఎర్రముక్కు పురుగు తొలిచేసింది. ఆయన పోతు ఈత పూలు దులిపి చూస్తే అక్కడా ముక్కు పురుగులే కనిపించాయి. గట్టు ఆయనది. మర్నాడు పొద్దున్నే చెట్లు కోసే మునిశేఖర్‌ను రంపం మిషన్‌తో తీసుకొచ్చాడు.

ప్రసన్నకుమారి పరిగెత్తుకొచ్చేసరికి రంపం మానులో నాలుగు వేళ్ల లోతు దిగింది. ఆమె నేరుగా దాని ముందుకే వచ్చింది. మునిశేఖర్ హడలిపోయి మిషన్ ఆపాడు. పక్క మడిలో నీళ్లు కడుతున్న నేను నోరు మెదపలేదు. సుబ్రమణ్యం బావి నీళ్లే నాకు ఆధారం మరి. నామీద నాకే అసహ్యం వేసింది.

"పక్కకు పోమ్మా. ఈ పురుగు పిల్లలే రేపు పెద్దవై నా తోట తింటాయి" అన్నాడు సుబ్రమణ్యం.

"సచ్చిన కొబ్బరి మాను మీరే చీల్చినారు కదన్నా. లోపల పిల్లలు ఎట్లుండె?"

"తెల్లగా, బొటనవేలంత లావుండె."

"ముక్కుండెనా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె కింద ఎండి రాలిన పూగెల తీసి విరిచింది. ఏమీ లేదు. ఇంకొకటి విరిచింది, అదీ ఖాళీ.

"కానీరా" అన్నాడాయన. మునిశేఖర్ మళ్లీ మిషన్ తాడు పట్టుకున్నాడు.

మూడో గెలలో నూకంత తెల్ల పురుగు ఉంది. దాని పక్కనే, అప్పుడే ముక్కుతో బయటపడిన మెత్తటి పురుగు.

"ఇది పిల్ల, ఇది పెద్దది. ముక్కొచ్చినాక ఇంకేడ పెరుగుతాదన్నా?"

ఆయన రెంటినీ అరచేతిలో వేసుకుని చూశాడు.

"ఇంగొక్క మొవ్వు వాలిందంటే ఈ చెట్టు ఉండదు" అని వెళ్లిపోయాడు.

ఆమె మానుకు పడిన కోతలో ఎర్రమన్ను మెత్తి, కట్టడానికి నా తువ్వాలు అడిగింది. ఇస్తుంటే, "నువ్వూ ఈడే ఉంటివి కదన్నా" అంది, మెల్లగా.

ఇప్పుడు రోజూ మడికి నీళ్లు వదిలే ముందు సుబ్రమణ్యం తోటలోకి తొంగి చూస్తాను, మొవ్వు ఏదైనా వాలిందేమోనని.