నా కాళ్ల కింది మూల

నా చిన్నప్పుడు, ఏడెనిమిదేళ్ల వయసులో, చేపల తొట్టిలో కూర్చున్నదాన్ని నేను. నీళ్లు పోయకముందు లెండి!

పక్కింటి అక్క పెళ్లై వెళ్తూ నాకు ఆరు రంగు చేపలు ఇచ్చింది. మా శామీర్‌పేట ఎండకు చిన్న గాజు సీసాలో అవి ఒక్కొక్కటే చచ్చి తేలడం మొదలైంది. నాలుగు మిగిలాయి. నా ఏడుపు చూడలేక, సూరారంలో వడ్రంగి పనికి వెళ్లే మా నాయిన ప్లైవుడ్‌తో మంచమంత పొడుగు తొట్టి కట్టి, ముందువైపు అద్దం బిగించాడు.

చెక్క నీళ్లు పీల్చకుండా లోపలంతా రెసిన్ అనే జిగురు పూయాలి. తొట్టి ఇరుకు కావడంతో నాయిన అడుగు మూలల దాకా వంగలేక నన్ను లోపల దింపాడు. మహారాణిలా కూర్చుని పూస్తూ పూస్తూ నా దారి నేనే మూసుకున్నాను. చుట్టూ తడి, నేను కూర్చున్న మూల ఒక్కటే పొడి. అప్పుడే మా అవ్వ మామిడికాయ ముక్కలు తినడానికి రమ్మని కేకేసింది.

"మూలలన్ని పూసినవా బిడ్డా?" అని నాయిన నన్ను బయటికి ఎత్తుతూ అడిగాడు.

"పూసిన నాయినా."

మసక చీకట్లో ఆయన నా మాటే నమ్మాడు.

పూత ఆరాక తొట్టి నింపి, అందులో బట్టలకు పెట్టే నీలిమందు కలిపాడు. నీళ్లు ఎక్కడ కారితే అక్కడ మరక పడుతుందన్నాడు. మధ్యాహ్నానికి బయటి చెక్క మీద ఒక మూల నీలం పాకింది. అది నా మూలే. సిగ్గుతో చచ్చిపోయాను.

"నువ్వు కూసున్న జాగనే గదా?" అన్నాడు. తలూపాను. తిట్టలేదు. నీళ్లు తోడేసి, చెక్క ఆరబెట్టి, తొట్టి మీద బల్ల చెక్క అడ్డంగా వేసి నన్ను బోర్లా పడుకోబెట్టాడు. బ్రష్ మళ్లీ నా చేతికే ఇచ్చాడు. "ఇగ పుయ్యి. ఈసారి నువ్వే సూసి చెప్పు. నువ్వు చెప్తెనే నీళ్లు పోస్త."

అదంతా ఆరేసరికి వారం పట్టింది. ఆ వారంలో ఇంకో రెండు చేపలు చచ్చిపోయాయి. వాటిని నేనే జామచెట్టు కింద పాతిపెట్టాను.

"అయిందా బిడ్డా?" అని నాయిన అడిగిన రోజు, మూలమూలా వేలితో తడిమి చూశాకే అయిందన్నాను. ఆయన మళ్లీ నీలిమందు కలపలేదు. నా మాట మీదే నీళ్లు పోసి, మిగిలిన రెండు చేపలను వదిలాడు. చుక్క కారలేదు.

ఇప్పటికీ ఎవరైనా "అయిందా?" అంటే, జవాబు చెప్పే ముందు ఒకసారి నా కాళ్ల కింద చూసుకుంటాను.