నకలు కూడా చెడిపోయింది

ఆసుపత్రిలో అందరూ ఆవిడను డబ్బాలక్క అనేవారు. నేలమాళిగలోని చల్లటి గదిలో, మనిషంత ఎత్తున్న స్టోరేజీ యంత్రాలను చూసుకోవడం ఆవిడ ఉద్యోగం. స్కానింగులు, ఎక్స్‌రేలు, గుండె పరీక్షల వీడియోలు అన్నీ ఆ డబ్బాల్లోనే ఉండేవి. మండుటెండలో స్వెట్టరు పట్టుకుని పనికి బయలుదేరే భార్యను చూసి, సైకిళ్లు బాగుచేసే భర్త, "మా ఆవిడ ఐస్‌క్రీముకు కాపలా" అని దుకాణానికి వచ్చినవాళ్లను నవ్వించేవాడు.

పని వినడానికి తేలికే. డేటా ఏ రోజు ఎలా ఉందో ఆ రోజుకు అలాగే పట్టి ఉంచాలి. దాన్ని స్నాప్‌షాట్ అంటారు. ఏదైనా చెడితే ఆ పాత రోజుకు వెనక్కి వెళ్లొచ్చు. గడువు తీరిన స్నాప్‌షాట్లు వాటంతటవే చెరిగిపోతాయి. ఇది కాక, ఇక్కడ రాసిన ప్రతిదానికీ ఊరవతలి భవనంలోని మరో యంత్రంలో నకలు తయారవుతుంది. అది రెప్లికేషన్.

ఆ సంవత్సరం డబ్బాల్లో చోటు చాలలేదు. రెండు చోట్లా స్నాప్‌షాట్ల గడువు నెలకు తగ్గించమన్నాడు పై అధికారి.

"నెల దాటాక ఏదైనా బయటపడితే వెనక్కి వెళ్లలేం సార్."

"రెండో భవనంలో కాపీ ఉందిగా. ఎందుకంత కంగారు?"

"ఇక్కడ ఉన్నదే అక్కడికి పోతుంది సార్. ఇక్కడ చెడితే అక్కడా చెడుతుంది."

"కొత్త యంత్రం వచ్చేదాకానేలెండి," అన్నాడాయన. ఆవిడ గడువు తగ్గించింది.

తర్వాత కొన్నాళ్లకు వీడియోలు చూపించే సాఫ్ట్‌వేర్ మార్చారు. కొత్తది పాత వీడియోలను తనకు కావలసిన రూపంలోకి మార్చుకుంటూ, పిల్లల విభాగంలోని చాలావాటిని పాడుచేసింది. పాతవాటిని రోజూ ఎవరు తెరుస్తారు? రెండు నెలలు గడిచాక, పిల్లల గుండె డాక్టరమ్మ ఒక బాబు పాత పరీక్ష చూద్దామని తెరిస్తే తెర నిండా బూడిదరంగు గీతలే కనిపించాయి.

డబ్బాలక్క అందుబాటులో ఉన్న అన్నిటికన్నా పాత స్నాప్‌షాట్ తెరిచింది. అందులోనూ గీతలే. రెండో భవనంలోని నకలు చూసింది. అదీ అంతే. ఫోనెత్తి డాక్టరమ్మకు చెప్పింది.

"కొలతలు రిపోర్టుల్లో ఉన్నాయి," అంది డాక్టరమ్మ. "కానీ పాత వీడియో పక్కన పెట్టుకుని పోల్చలేను. పిల్లలందర్నీ మళ్లీ పిలవాలి."

ఆ ఫోన్లు తానే చేస్తానంది డబ్బాలక్క.

"అది రిసెప్షన్ పని. మామూలు పరీక్షకే రమ్మంటున్నామని చెబితే చాలు," అన్నాడు అధికారి.

"పోయింది వాళ్ల పిల్లలది సార్. మామూలు పరీక్ష అని ఎలా చెబుతాం?"

ఆవిడే ఒక్కొక్కరికీ ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కొందరు తిట్టారు. కొందరు పని దినం పోతుందని విసుక్కున్నారు. ఒక తండ్రి మాత్రం చివరిదాకా విన్నాడు.

"మా పాప పోయిందమ్మా," అన్నాడు. "వేరే ఆసుపత్రిలో."

ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"ఆ వీడియో డాక్టరమ్మ మాకొకసారి చూపించారు. గుండె లోపల తలుపుల్లాంటివి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. అడిగి తెచ్చుకుందామన్నాను. మా ఆవిడే ఇప్పుడు చూడలేనంది. ఉంటుందిలే, ఎక్కడికి పోతుందనుకున్నాం. అదీ పోయిందా?"

వెతికి చూస్తానండీ అనే మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది.

"పోయిందండీ. నకలు కూడా పోయింది. తప్పు మాదే."

"సరేనమ్మా," అని ఆయన పెట్టేశాడు.

ఇంటికొచ్చి ఆవిడ కంచం ముందు ఊరికే కూర్చుంది. "నువ్వు ముందే చెప్పావుగా," అన్నాడు భర్త.

"చెప్పాను. చెప్పి, నా చేత్తోనే తగ్గించాను."

అతను కంచం ఆవిడ దగ్గరికి జరిపాడు.

డాక్టర్ల సమావేశంలో ఆవిడ జరిగింది జరిగినట్టు చెప్పింది, గడువు తగ్గించిన సంగతితో సహా. పిల్లల విభాగం స్నాప్‌షాట్లను ఇకపై డాక్టర్ల ఒప్పుదల లేకుండా ఎవరూ ముట్టుకోకూడదని తీర్మానించారు. అధికారి ఆవిడతో మాట్లాడడం మానేశాడు. ఆవిడ ఉద్యోగమైతే పోలేదు.

కొన్ని వారాలకు ఆ తండ్రి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. పాప వీడియో ఉన్న చోటు చూస్తానని ఆమె అందట. లోపలికి ఎవరినీ రానివ్వకూడదు గనక డబ్బాలక్క వాళ్లను అద్దాల తలుపు దాకా తీసుకెళ్లింది.

"ఎందులో ఉండేది?" అని అడిగింది ఆ తల్లి.

డబ్బాలక్క వేలు పెట్టి చూపించింది. ఆ తల్లి అద్దానికి చెయ్యి ఆనించి అటు చూసింది.

"మిగతా పిల్లలు వచ్చారా?"

"ఇంకా కొందరు రావాలమ్మా."

"వాళ్లను ఆలస్యం చెయ్యనివ్వకండి," అంది ఆమె. భర్త భుజం పట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

డబ్బాలక్క ఇంకా రాని పిల్లల జాబితా తీసుకుని, మళ్లీ ఫోను దగ్గరికి నడిచింది.