ఊఁ కొట్టే మనిషి

నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. పుదుచ్చేరిలో పుట్టి పెరిగిన మా ఇళ్లల్లో చాలామంది సంగతి అంతే. నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. సొంత కవిత్వం కలిపితే చెవి మెలిపెడతానని ముందే చెప్పాను.

ఫ్రెంచివాళ్లు జెండా దించుకుని వెళ్లిన మరుసటి ఏడు, రామభద్రరావుగారు యానాం నుంచి వచ్చి మా వీధిగదిలో అద్దెకు దిగారు. అక్కడి ఆఫీసు కాగితాలను ఇక్కడికి తెచ్చారట, వాటితోపాటు ఆయన్నీ తెచ్చారు. భార్య వరలక్ష్మి, ఇద్దరు పిల్లలు ఊళ్లోనే ఉండిపోయారు. మామగారు మంచం పట్టి ఉంటే ఆవిడ ఎట్లా కదులుతుంది?

ఆయన గదికీ మా ఇంటికీ మధ్య ఒక తలుపు ఉండేది. గడియ మా వైపు. ఆ గడియ వేసింది మా అత్త అలివేలు. మామ పోయినప్పటి నుంచి అత్త గుమ్మం దిగేది కాదు, పరాయి మగవాళ్ల ఎదుట పడేది కాదు. మా ఆయన దామోదరన్ ఇత్తడి సామాన్ల కొట్టు కట్టేసి వచ్చేదాకా ఇంట్లో మేమిద్దరమే. అత్తతో కబుర్లా? నేను పది మాటలంటే ఆమె ఒకటనేది.

శనివారం దీపాలు పెట్టగానే ఆయన గొంతు వినిపించేది. నూటెనిమిది తిరుపతుల, అంటే విష్ణుక్షేత్రాల, కథల పుస్తకం. వారానికి ఒక క్షేత్రం. అది వాళ్లింటి ఆచారమట: ఒకరు చదవాలి, మిగతావాళ్లు ఊఁ కొట్టాలి, ఆఖర్న తలా ఒక పటికబెల్లం ముక్క. ఇల్లు కదలకుండా అందరూ కలిసి చేసే యాత్ర అన్నమాట. బయల్దేరే ముందు శనివారం శ్రీరంగం చదివి, అచ్చం అలాంటి పుస్తకమే ఇంకొకటి కొని ఇంట్లో ఉంచి వచ్చారు. అక్కడ వాళ్లూ, ఇక్కడ ఈయనా, ఒకే వేళకు ఒకే గుడికి వెళ్లాలని.

ఇదంతా ఆయన మా ఆయనతో అరుగుమీద కూర్చుని చెప్పిందే. "మేం నలుగురం ఇప్పుడు కుంభకోణంలో ఉన్నామండీ" అనేవారు సంబరంగా. ఆయన్ని ఒంటిగా పంపేసిన వరలక్ష్మి మీద నాకు ఒళ్లు మండేది. నలుగురట! ఆదివారం పొద్దున గది ఊడ్వబోతే పెద్ద చాప పరిచి ఉండేది. చాపమీద చిన్న పళ్లెంలో మూడు ముక్కల పటికబెల్లం, దాన్నిండా చీమలు.

"ఊఁ కొట్టే మనిషి లేకుండా పురాణం చదవకూడదే కోమలా" అంది అత్త ఒకనాడు. "పావం, అబ్బాయి ఒంటిగా చదువుకుంటుండాడు."

ఆ తరవాత నుంచి శనివారం సాయంత్రం ఆమె మధ్య తలుపుకు ఆనుకుని కూర్చునేది. వాక్యం వాక్యానికీ ఊఁ అనేది. పక్కనున్న నాకే సరిగ్గా వినపడేది కాదు, అంత నెమ్మదిగా. గట్టిగా అంటే వీధి ఊరుకుంటుందా? విధవరాలికి ఆ గదిలో మగాడితో ఏం పని అంటారు. తిరువహీంద్రపురం గుడి కథ వచ్చిన వారం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కడలూరు పక్కనే, ఒక్క పూట ప్రయాణం. ఎన్నడూ చూడలేదట. తీసుకెళ్లేవాళ్లు ఎవరు?

ఏడాది దాటాక ఆయనకు మొదటిసారి సెలవు దొరికింది. అప్పటికి పుస్తకంలో కంచి చేరారు. శనివారం దీపాలవేళకు ఇంట్లో అడుగుపెట్టేట్టు లెక్క చూసుకుని రైలెక్కారు. ముందుగా ఉత్తరం రాయలేదు. వాళ్లు చదువుతూ ఉండగా వెళ్లి పక్కన కూర్చుంటారట! పెళ్లికొడుకులా వెళ్లారు.

తిరిగొచ్చిన మనిషిలో ఆ కళ లేదు. శనివారం వచ్చింది. మేం దీపం పెట్టాం. అత్త తలుపు దగ్గర కూర్చుంది. అవతల నుంచి గొంతు లేదు. కాసేపు చూసింది, ఇంకాసేపు చూసింది. చివరికి తనే నోరు తెరిచింది.

"ఏంది నాయనా, ఈ వారం కంచిలో యాడికీ పోలేదా?"

అవతల ఏదో కిందపడిన చప్పుడు.

"ఎవరమ్మా అది?"

"నేను, దామోదరన్ అమ్మను. ఎందుకు చదవలా?"

ఆయన గొంతు తలుపుకు దగ్గరగా వినిపించింది. "ఇంటికెళ్లి చూస్తే పుస్తకం గూట్లో ఉందమ్మా. నేను గుర్తుగా పెట్టిన తులసిదళం శ్రీరంగం దగ్గరే ఎండిపోయి ఉంది. ఇదేమిటి వరలక్ష్మీ అంటే, 'మిమ్మల్ని ఒక్కరినీ వదిలేసి మేం ముందు గుడికెలా వెళ్తామండీ, మీరొచ్చాక వెళ్దామని ఆగాం' అంది. ఏడాదిగా నాకోసం అక్కడే కూర్చున్నారమ్మా. నేనేమో వాళ్లు పక్కనే ఉన్నారనుకుని ఇంత దూరం వచ్చేశాను. ఒక్కణ్ణే తిరిగాను. ఒక్కరూ నాతో రాలేదు."

వరలక్ష్మిని అన్నాళ్లూ నోటికొచ్చినట్టు తిట్టుకున్నదాన్ని, ఆ మాటకు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అత్త లేచింది. నన్ను పిలవలేదు, వీధివైపు చూడలేదు. గడియ తీసి తలుపు జానెడు తెరిచి, ఆ సందు పక్కన గోడకు ఆనుకుని మళ్లీ కూర్చుంది.

"నేను రాలేదా నాయనా?" అంది. "ప్రతి గుడికీ నీ వెనకాలే వస్తిని గదా. చదువు."

కాగితం తిరిగిన చప్పుడు. తడిగొంతుతో మొదటి వాక్యం చదివారు.

"ఊఁ" అంది అత్త, గట్టిగా, వీధి మొత్తం వింటే విననీ అన్నట్టు.

అయిపోయాక సందులోంచి పళ్లెం ఇవతలికి జరిపారు. అందులో మూడు ముక్కలు, ఎప్పట్లాగే. అత్త చెయ్యి చాపింది, ఆగింది, పళ్లెం తిరిగి అవతలికి తోసేసింది.

"ఇవి నీ పెండ్లానివీ బిడ్డలవీ గదా. ఆడనే ఉండనీ. వాళ్లు వెనక నిలబడుండారు, వస్తారు. నాకు వేరేగా ఒకటి పెట్టు నాయనా."